ఏడు గంటల గిన్నె

తాగుడు మానడానికి ఆ ఇంటికి వచ్చే ప్రతి మనిషికీ మొదటి వారంలో మూడు ప్రశ్నలు ఎదురవుతాయి. "రోజుకి ఎంత తాగేవారు?" అని డాక్టరమ్మ అడుగుతుంది. "ఎందుకు తాగేవారు?" అని మాటల మాస్టారు అడుగుతాడు. ఆయన ఉద్యోగం పేరు కౌన్సిలరే, కానీ రోజుకు నాలుగు గంటలు అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడించడమే పని కాబట్టి ఆ పేరు స్థిరపడింది. వంటింటి పెద్దమ్మ మాత్రం పొయ్యి మీంచి చూపు తిప్పకుండా, "ఎన్నింటికయ్యా?" అంటుంది.

మొదటి ప్రశ్నకు ఎవరైనా సగానికి సగం తగ్గించి చెబుతారు. రెండోదానికి ఆఫీసర్నో, పెళ్లాన్నో, చిన్నప్పుడే పోయిన తండ్రినో సాక్ష్యానికి పిలుస్తారు. మూడోదానికి మాత్రం నిజం చెప్పేస్తారు. అందులో దాచుకోవాల్సినదేదైనా ఉంటుందని ఎవరికీ తట్టదు మరి. పెద్దమ్మకు కావలసింది కూడా అంతే.

పొయ్యి పక్క గోడకు నల్లరంగు వేయించుకుని ఆవిడ ఆ టైములన్నీ సుద్దముక్కతో రాసి పెట్టుకుంటుంది. టైలరు, ఐదున్నర. హెడ్మాస్టరు, నాలుగుంబావు, అంటే బడి గంట కొట్టిన పావుగంటకి. బస్సు డ్రైవరుకి స్టీరింగని పేరు పెట్టింది, అతనిది రెండున్నర, డ్యూటీ దిగీ దిగగానే. ఎవరి టైముకు వాళ్లకి, సరిగ్గా ఇరవై నిమిషాల ముందు, వేడివేడి గిన్నె చేతికొస్తుంది. పప్పు, ఆకుకూర, క్యారెట్టు కలిపి ఉడికించిన చిక్కటి సూపు, అందులో ఓ గుడ్డు, పైన గుప్పెడు వేరుశనగ గింజలు. గిన్నెలు కూడా ఆవిడ ఏరి కొన్నవే. పిడి ఉండదు, వెడల్పుగా, బరువుగా ఉంటాయి. వణికే చేతులు రెండూ పెడితే తప్ప నిలవవు.

"సగం తాగుడు ఆకలేనమ్మా," అంటుంది పెద్దమ్మ.

"సగం కాదు పెద్దమ్మా, కొంత," అంటుంది డాక్టరమ్మ.

"సరే, పెద్ద కొంత!"

ఇద్దరికీ పొద్దున లేస్తే ఇదే గొడవ, ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. వచ్చినవాళ్లు మొదటి ఐదు రోజులూ మేడ మీద డాక్టరమ్మ చేతిలో ఉంటారు. వణుకుకు మందులు, బి విటమిన్ ఇంజక్షన్లు, పక్కనే నర్సు. ఆ విటమిన్ పడకముందు తీపి లోపలికెళ్తే మెదడుకే ముప్పని, ఇంజక్షన్ పడిందని చీటీ కిందికి వచ్చేదాకా చెంచాడు పంచదార కూడా ఆ మెట్లెక్కకూడదని డాక్టరమ్మ ఆజ్ఞ. పెద్దమ్మ ప్రపంచంలో ఎవరి మాటా వినదు గానీ ఆ ఒక్క మాట మాత్రం తు.చ. తప్పకుండా వింటుంది. పంచదార డబ్బాకు తాళం కూడా వేసింది. ఆరో రోజున మనిషి కిందికి దిగి వంటింటి గుమ్మంలో నిలబడతాడు. అక్కణ్ణుంచి అతను తన మనిషని ఆవిడ లెక్క. పదమూడేళ్లుగా ఆ పొయ్యి దగ్గర ఉంది, తన గిన్నె మీద ఆవిడకు అపనమ్మకం ఏనాడూ కలగలేదు.

అలాంటి పెద్దమ్మ పప్పులో కాలేసింది. అదీ సొంత అల్లుడి విషయంలో.

అల్లుడు లిఫ్టు మెకానిక్కు. మనిషి నెమ్మది, పనిలో మొనగాడు. తాగుతాడని ఇంట్లో అందరికీ తెలుసు, ఎంతని ఎవరికీ తెలియదు. ఓ రోజు తొమ్మిదో అంతస్తులో పని చేస్తుంటే చేతిలోంచి స్పానరు జారింది. కింద లిఫ్టు కప్పు మీద నిలబడ్డ తోటి మెకానిక్కు భుజం పక్కనుంచి దూసుకుపోయి, ఆ కప్పు రేకులో దిగబడిపోయింది. ఆ మనిషి జానెడు దూరంలో బతికిపోయాడు. అల్లుడు ఆ రాత్రే భార్యతో, "నన్నెక్కడైనా పడెయ్," అన్నాడు. కూతురు మర్నాడే తీసుకొచ్చి తల్లి పనిచేసే ఇంట్లో చేర్పించింది.

చేర్పించి, వంటింట్లోకి వచ్చి తల్లితో చెప్పింది. "నలభై రోజులమ్మా. నలభై రోజులూ నిలబడితే నేనే వచ్చి తీసుకెళ్తా. మధ్యలో ఆ గేటు దాటాడా, నా గుమ్మం ఎక్కనివ్వను. పాపకి ఆరేళ్లొచ్చాయి. దానికన్నీ అర్థమవుతున్నాయి."

కూతురు ఒక మాటంటే అన్నట్టే. ఆ మొండితనం తనకు లేకపోయిందే అని పెద్దమ్మ చాలాసార్లు బాధపడింది. ఆ గేటుకు తాళం వేయరు, అదీ అసలు చిక్కు. "తాళం వేస్తే ఇది జైలవుతుంది పెద్దమ్మా," అంటుంది డాక్టరమ్మ. వాచ్‌మన్ "ఎక్కడికి సార్?" అని ఒకసారి అడుగుతాడు, అంతే.

ఆరో రోజున అల్లుడు మేడ దిగి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు, చేతులు కట్టుకుని, తలొంచుకుని. తొమ్మిదేళ్లలో ఆ అత్తా అల్లుళ్ల మధ్య నడిచిన సంభాషణ మొత్తం రెండే ముక్కలు. "భోజనం చేశారా బాబూ?" "చేశానత్తయ్యగారూ." అంతకుమించి మూడో ముక్క ఏనాడూ అవసరం పడలేదు. ఆ ప్రశ్నతో ఊరందరినీ నిలదీసిన పెద్దమ్మ ఇప్పుడు వెనకాడింది. అల్లుణ్ణి నిలబెట్టి తాగేది ఎన్నింటికని అడగడమా? నోరెలా వస్తుంది? ఆవిడ గోడ వైపు తిరిగి, సుద్దముక్క తీసుకుని, ఆ మాత్రం తనకు తెలియదా అన్నట్టు గబగబా రాసేసింది. "అల్లుడుగారు, 7.00."

అతను దాని వంక చూశాడు. ఏదో అనబోయి, నీళ్లు నమిలి ఊరుకున్నాడు.

"పెద్దమ్మా, మా పేర్ల పక్కన గారు ఏదీ?" అన్నాడు టైలరు ఆ సాయంత్రం.

"నువ్వు నా కూతుర్ని చేసుకున్నావా?"

"చేసుకోలేదు గానీ మీ గిన్నెలు కడుగుతున్నా కదా!"

"కడుగు. గారు వస్తే అప్పుడు చూద్దాం."

ఆ రోజు నుంచి ఇల్లంతా అతణ్ణి అల్లుడుగారూ అనే పిలవడం మొదలుపెట్టింది, నర్సుతో సహా. ఆరూ నలభైకి అతని గిన్నె వచ్చేది. అతను మారు మాట్లాడకుండా తినేవాడు, కడిగి బోర్లించేవాడు, "బాగుందత్తయ్యగారూ," అనేవాడు. సరిగ్గా ఏడింటికి పెద్దమ్మ పెరట్లోకి వెళ్లి పెద్ద గుండిగ తోమడానికి కూర్చునేది. అంట్లు తోమే మనిషి వేరే ఉంది. అయినా ఆ ఒక్క గుండిగనూ, ఆ ఒక్క టైములో, ఆవిడే తోమాలి. అప్పుడు ఎవరు పలకరించినా పలకదు. "ఏడింటికి పెద్దమ్మకి పూనకం," అని స్టీరింగు కొత్తవాళ్లకు ముందే చెప్పి పెట్టేవాడు. ఎనిమిది దాటితే గానీ ఆవిడ ముద్ద ముట్టదు.

రెండో వారం గడిచింది. టైలరు చేతులు సూదిలో దారం ఎక్కించే దాకా వచ్చాయి. హెడ్మాస్టరు పొద్దున్నే నడకకు అందరికన్నా ముందుంటున్నాడు. అల్లుడు మాత్రం ఉన్నచోటే ఉన్నాడు. పొద్దున పూట ఏమీ తిననంటాడు, అలవాటు లేదంటాడు. పదింటికల్లా ముఖం మాడిపోతుంది. తోటపనిలో ఉన్నవాళ్ల మీద చిరచిరలాడతాడు. పదకొండింటికి మాటల మాస్టారి దగ్గర గుండ్రంగా కూర్చోబెడితే, అతనికి వాచీ తప్ప ఎదుటి మనిషి కనబడడు.

"మీ గిన్నె పనిచేయడం లేదేమో పెద్దమ్మా," అన్నాడు మాస్టారు కాస్త భయంభయంగానే.

"నా గిన్నా? ఇంకో గుడ్డు వేస్తా చూడండి!"

వేసింది. ఏడింటి గిన్నెలో రెండో గుడ్డు పడింది. తర్వాత వెన్న పడింది. మూడో గుడ్డు కూడా పడేదేగానీ డాక్టరమ్మ కళ్లెర్రజేసింది.

పదిహేడో రోజు పొద్దున పదిన్నరకు పెద్దమ్మ వెలుతురు బాగుంటుందని ముందు వరండాలో కూర్చుని ఆకుకూర ఏరుతోంది. తలెత్తేసరికి అల్లుడు గేటు వైపు నడుస్తున్నాడు. కాళ్లకు బూట్లు, భుజాన సంచీ. వాచ్‌మన్ "ఎక్కడికి సార్?" అని అడగడం, అతను తల అడ్డంగా ఊపడం ఆవిడ కళ్లముందే జరిగిపోయాయి.

పెద్దమ్మకు కూతురి ముఖం కళ్లముందు కదిలింది, ఆ వెనకే పాప ముఖం. మాస్టారు లోపల వేరే గుంపుతో కూర్చుని ఉన్నాడు. డాక్టరమ్మ మేడ మీద ఉంది. కేకేసి పిలిచి, వాళ్లు చెప్పులు వేసుకుని వచ్చేసరికి ఇతను సందు మలుపు తిరిగిపోతాడు. ఆవిడ ఒళ్లోని ఆకుకూర ఒళ్లోనే పట్టుకుని, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి, మోకాళ్ల నొప్పి సంగతి మరిచిపోయి పరుగెత్తింది. గేటు దగ్గర అతనికి అడ్డంగా నిలబడింది. నోరు తెరిస్తే తొమ్మిదేళ్లుగా అలవాటైన మాటే బయటికొచ్చింది.

"భోజనం చేశారా బాబూ?"

"ఇంకా పదిన్నరే కదత్తయ్యగారూ," అన్నాడతను అయోమయంగా.

తన మీద తనకే ఒళ్లు మండింది పెద్దమ్మకు. ఈ మర్యాదేమిటి, ఈ నంగితనమేమిటి, మనిషి చేజారిపోతుంటే! ఆవిడ ఊపిరి తీసుకుని అడిగేసింది.

"ఎన్నింటికి?"

"ఏంటండీ?"

"మీరు తాగేది ఎన్నింటికి బాబూ? నేను మిమ్మల్ని అడగనే లేదు. అందర్నీ అడిగాను, మిమ్మల్ని అడగలేదు. చెప్పండి."

అతను సంచీ పట్టీని వేలికి చుట్టుకున్నాడు. వాచ్‌మన్ మర్యాదగా అవతలికి తిరిగాడు.

"పదీ నలభైకి," అన్నాడు చివరికి.

"రాత్రా?"

"పొద్దున. తొమ్మిదికి డ్యూటీ ఎక్కుతాను కదా. మొదటి బిల్డింగు పూర్తయ్యేసరికి పదిన్నర. అప్పటికి చేతులు వణకడం మొదలెడతాయి. స్క్రూడ్రైవరు గాడిలో కూర్చోదు. డాబా మీద మెషిన్ రూములో నేనొక్కణ్ణే ఉంటాను, ఎవరూ రారు. పదీ నలభైకి ఓ రెండు గుక్కలు పడితే చెయ్యి గట్టిగా నిలబడేది. తాగుతున్నాననుకోలేదండీ నేను. పని చేసుకోవడానికి మందు వేసుకుంటున్నాననుకున్నా."

"మరి సాయంత్రం?"

"సాయంత్రం నలుగురితో కలిసి ఓ గ్లాసు. అది మానేయమంటే ఎప్పుడో మానేసేవాణ్ణి. ఇంట్లో అందరూ సాయంత్రం వాసనే చూశారు. పొద్దునది ఎవరూ అడగలేదు."

"పొద్దున ఏం తినేవారు?"

"ఏమీ లేదు. తింటే వాంతి. రాత్రి తిన్నదే, మళ్లీ మధ్యాహ్నమే."

పెద్దమ్మ లోపల్లోపలే లెక్కవేసుకుంది. మేడ దిగిన పదకొండు రోజులుగా ఈ మనిషి ఖాళీ కడుపుతో పదీ నలభైని ఒంటరిగా ఎదుర్కొంటున్నాడు. తానేమో సాయంత్రం ఏడింటికి రెండేసి గుడ్లు వేసి మురిసిపోతోంది.

"ఏడు కాదని ఆ రోజే చెప్పొచ్చు కదా బాబూ!"

"మీరు రాసేశారు కదండీ," అన్నాడతను చిన్నగా. "పెద్దవారు. మీరు రాసింది తప్పని ఎలా చెప్పను? తినేశాను."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు ఆవిడకు. ఒకరు మర్యాదకు అడగలేదు, ఒకరు మర్యాదకు చెప్పలేదు. ఈ మర్యాదల మధ్య తన కూతురి కాపురం గేటు దాకా వచ్చేసింది.

"రండి," అంది. "ఇంకా ఐదు నిమిషాలుంది. వెళ్లాలంటే తిన్నాక వెళ్దురుగాని."

సూపు ఇంకా పొయ్యి ఎక్కలేదు. ఉన్నదేదో అదే. పొద్దున మిగిలిన జావ గోరువెచ్చగా ఉంది. రెండు ఉడికిన గుడ్లు, ఓ అరటిపండు, గుప్పెడు వేరుశనగ గింజలు. అన్నీ ఒకే గిన్నెలో పడేసి వంటింటి గుమ్మం మెట్టు మీద అతని చేతుల్లో పెట్టింది. అతని చేతులు ఎంతలా వణికాయంటే జావ అంచు దాటి బూట్ల మీద చిందింది. పెద్దమ్మ ఎదురుగా కూర్చుని తన రెండు చేతులూ అతని చేతుల మీద వేసి గిన్నెను పట్టుకుంది. తొమ్మిదేళ్లలో ఆవిడ అల్లుడి చెయ్యి తాకడం అదే మొదటిసారి.

"మెల్లగా. ఒక్కో చెంచా. వాంతయితే అవుతుంది, కడుగుతాను, మీకెందుకు."

గోడ గడియారం పదీ నలభై చూపించింది. నలభై ఐదు. యాభై. అతని నుదుటి మీద చెమట పట్టింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. గిన్నె సగమైంది. వాంతి కాలేదు.

"తాగాలనిపించడం పోయిందా?" అనడిగింది.

"పోలేదు. తగ్గింది."

"ఇవాళ్టికి తగ్గితే చాలు."

అతను గిన్నె కింద పెట్టి, బూట్ల లేసులు తనే విప్పుకున్నాడు. విప్పమని ఆవిడ అనలేదు.

తర్వాత లోపలికొచ్చి గోడ ముందు నిలబడ్డాడు. "ఏడని ఎందుకనుకున్నారత్తయ్యగారూ?"

పెద్దమ్మ తడిగుడ్డ పట్టుకుని ఆ అంకె దగ్గర ఆగిపోయింది. అప్పటిదాకా ఆవిడ తనను తాను ఆ ప్రశ్న వేసుకోలేదు. ఒకప్పుడు తన ఇంట్లో ఏడింటికి గేటు గొళ్లెం చప్పుడయ్యేది. ప్రెస్సులో పనిచేసే భర్త తూలుతూ లోపలికొచ్చేవాడు. అతని ముఖం చూడకుండా ఉండటానికి ఆవిడ పెరట్లో గుండిగ ముందేసుకుని తోముతూ కూర్చునేది. పన్నెండేళ్లు అలా తోమింది. ఎందుకు తాగుతున్నావని ఒక్కనాడు అడగలేదు, తాగి వస్తే గుమ్మం ఎక్కొద్దని ఒక్కనాడు అనలేదు, కనీసం వేడిగా ఓ గిన్నె చేతిలో పెట్టలేదు. నలభై నాలుగో ఏట కాలేయం చెడి కన్నుమూశాడు. ఆయన పోయి పద్దెనిమిదేళ్లయినా ఏడింటికి చేతులు గుండిగను వెతుక్కుంటూనే ఉన్నాయి.

"అది మీ మామగారి టైము బాబూ," అంది.

అతను సుద్దముక్క తీసుకుని పక్కన పదీ నలభై అని రాశాడు. ఆవిడ ఏడును తుడవబోతే, "ఉండనివ్వండి," అన్నాడు. పొయ్యి మీద ఎసరు పొంగడంతో ఆవిడ అటు పరుగెత్తింది, ఆ సంగతి అక్కడితో మరిచిపోయింది.

సంగతి విని డాక్టరమ్మ తల పట్టుకుంది. "నేను ఎంత అని పదిసార్లు అడిగాను, ఈయన సాయంత్రం గ్లాసే లెక్క చెప్పారు!" అని మందుల టైములన్నీ తిరగరాసింది. మాటల మాస్టారు అతని వంతు పదకొండు నుంచి మధ్యాహ్నానికి మార్చాడు. పెద్దమ్మ పొద్దున ఏడింటికి నాలుగు చెంచాల జావతో మొదలుపెట్టి, రోజుకో చెంచా పెంచుకుంటూ పోయింది. పదీ ఇరవైకి గిన్నె, పదీ నలభైకి స్క్రూడ్రైవరు. అవును, స్క్రూడ్రైవరే. వంటింట్లో నాలుగేళ్లుగా మూలుగుతున్న పొగ ఫ్యాను విప్పమని ఆవిడే పురమాయించింది. మొదటి రోజు స్క్రూ గాడి చుట్టూ పదిసార్లు తిరిగి జారింది. చుట్టూ చేరినవాళ్లెవరూ నవ్వలేదు, టైలరుతో సహా. ఇరవై ఆరో రోజుకు ఫ్యాను చప్పుడు లేకుండా తిరిగింది. మూలుగు ఆగిపోయేసరికి వంటింట్లో ఏదో లోటుగా ఉందని స్టీరింగు గొడవ చేశాడు. మధ్యలో రెండుసార్లు అతను మళ్లీ బూట్లు వేసుకున్నాడు. రెండుసార్లూ గేటు దాకా పోకుండా వంటింటికే వచ్చి, "అత్తయ్యగారూ, ఇవాళ బాగాలేదండీ," అన్నాడు. ఆ మాట అతని నోట వినడమే పెద్దమ్మకు పండగ.

నలభయ్యో రోజు సాయంత్రం కూతురొస్తానని కబురు చేసింది. అల్లుడు సంచీ సర్దుకున్నాడు. డాక్టరమ్మ మందుల చీటీ రాసిచ్చి, నెల నెలా వచ్చి కనబడాలని వేలు చూపించింది. పెద్దమ్మ వేరుశనగ గింజలు, గుడ్లు పట్టే స్టీలు డబ్బా ఒకటి ఇచ్చి, మెషిన్ రూములో పదీ ఇరవైకి ఇది తెరవకపోతే తనే డాబా ఎక్కి వస్తానని చెప్పింది.

ఏడు కావస్తుండగా ఆవిడ అలవాటుగా పెరట్లోకి నడిచింది. గుండిగ లేదు. వెతికితే వంటింట్లో, తళతళలాడేలా తోమి, గోడవారగా బోర్లించి ఉంది. పక్కన గట్టు మీద పెద్ద గిన్నె, పొగలు కక్కుతూ. అల్లుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎవరికి బాబూ ఇది?"

"మీకే. నేనే చేశాను."

"నాకెందుకిప్పుడు? నేను ఎనిమిదింటికి గానీ..."

అతను గోడ వైపు చూశాడు. ఆవిడా చూసింది. ఏడు అలాగే ఉంది. దాని పక్కనున్న "అల్లుడుగారు" పదీ నలభైతో సహా తుడిచేసి ఉంది. ఆ చోట, వణుకు లేని అక్షరాలతో, "అత్తయ్యగారు" అని రాసి ఉంది.

"ఆరూ నలభైకే ఇవ్వాల్సిందండీ," అన్నాడతను. "పప్పు ఉడకడం ఆలస్యమైంది."

పెద్దమ్మ స్టూలు మీద కూర్చుంది. గిన్నె రెండు చేతుల్లోకి తీసుకుంది. అప్పుడు తెలిసింది ఆవిడకు, చేతులు వణుకుతున్నాయని. అతను ఎదురుగా కూర్చుని తన చేతులు వాటి మీద వేసి పట్టుకున్నాడు.

బయట గేటు గొళ్లెం చప్పుడైంది. పాప గొంతు, వెనకే కూతురి గొంతు వరండా దాకా వచ్చాయి. ముప్పై ఏళ్లలో మొదటిసారి, ఏడింటి వేళ ఆ చప్పుడు విని కూడా పెద్దమ్మ ఉన్నచోటు నుంచి కదల్లేదు.

"ఉప్పెక్కువైంది బాబూ," అంది కళ్లు తుడుచుకోకుండానే. గిన్నె ఖాళీ అయ్యేదాకా తాగింది.